పరిశోధనను బొమ్మగా గీయడం ఎలా? శాస్త్రీయ చిత్రాల రచనకు ఒక మార్గదర్శిక

పరిశోధన పత్రం చేతికి వచ్చినప్పుడు చాలామంది పాఠకులు శీర్షిక, సారాంశం చూసి, వెంటనే బొమ్మల మీదికి వెళతారు. మిగతాది చదవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. వాక్యంలో దొర్లిన అతిశయోక్తిని జాగ్రత్తగల పాఠకుడు పట్టుకుంటాడు. బొమ్మలో దొర్లిన అతిశయోక్తి మాత్రం కంటికి కనిపించిన వాస్తవంలాగే మనసులో నిలిచిపోతుంది. కాబట్టి శాస్త్రీయ చిత్రం గీసేవారు మొదట ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది: గీసిన ప్రతి గీత, వేసిన ప్రతి రంగు, పెట్టిన ప్రతి బాణం గుర్తు ఏదో ఒక విషయాన్ని నిజమని చెబుతుంది. అది ఏమిటో, దానికి ఆధారం ఎక్కడిదో గీసినవారు చెప్పగలగాలి. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఆ ఒక్క నియమం నుంచి వచ్చినవే.

ముందు వాక్యం, తరువాత గీత

పెన్సిల్ పట్టుకునే ముందు బొమ్మ చెప్పవలసిన విషయాన్ని ఒకే ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఉదాహరణకు, "ఈ ఔషధం కణంలోకి వెళ్లదు, కణ పొర మీద ఉండి సంకేతాలను అందుకునే గ్రాహకానికి అతుక్కుని, లోపలికి చేరవలసిన సంకేతాన్ని ఆపుతుంది" అన్నది అలాంటి వాక్యం. దీన్ని రాసుకున్న మరుక్షణం బొమ్మలో ఏవి ఉండాలో తెలిసిపోతుంది: కణ పొర, గ్రాహకం, ఔషధం, ఆగిపోయిన సంకేతం. ఏవి ఉండనక్కర్లేదో కూడా తెలిసిపోతుంది. మైటోకాండ్రియా గీయడం సరదాగానే ఉంటుంది గానీ, ఈ వాక్యంలో దానికి చోటు లేదు. ఎంత అందంగా గీసినా అది పాఠకుడి చూపును దారి మళ్లించడానికే పనికివస్తుంది.

ఆ వాక్యంలోని క్రియ మీద దృష్టి పెడితే ఏ రకం బొమ్మ గీయాలో కూడా తేలుతుంది. "ఉంటుంది", "అమరి ఉంటుంది" వంటి క్రియ అయితే నిర్మాణ చిత్రం కావాలి. "మారుతుంది", "కదులుతుంది" అయితే వరుస దశలు కావాలి. "ఆపుతుంది", "ప్రేరేపిస్తుంది" అయితే కార్యకారణాలను చూపే ప్రవాహ చిత్రం కావాలి. "పెరిగింది", "ఎక్కువ", "తక్కువ" అని వస్తే మాత్రం అక్కడ కావలసింది గ్రాఫే. దాని స్థానంలో బొమ్మ గీయడం అంటే సంఖ్యలను దాచడమే అవుతుంది. ఎంత ప్రయత్నించినా ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, అక్కడ నిజానికి రెండు బొమ్మలు ఉన్నాయని అర్థం. వాటిని రెండు భాగాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం గుర్తుగా పెట్టడమే మంచిది.

ఆ తరువాత పాఠకుడెవరో తేల్చుకోవాలి. అదే రంగంలో పనిచేసే పరిశోధకుడికి గ్రాహకం ఆకారం చూడగానే అర్థమవుతుంది; వేరే రంగంవారికి దాని పేరు రాయాలి; సాధారణ పాఠకుడికి అది ఏం చేస్తుందో రాయాలి. ముగ్గురికీ ఒకే బొమ్మ సరిపోదు. పోస్టర్ కోసం గీసేది ఒకటి రెండు మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. పత్రికలో అచ్చయ్యేది చేతిలో పట్టుకుని చదవదగినట్టు ఉంటే చాలు. ఉపన్యాసంలో చూపే స్లయిడ్‌కు తెర మీద నిలిచే కొద్ది సెకన్లే ఉంటాయి. పత్రం కోసం గీసిన నాలుగు భాగాల బొమ్మను అలాగే స్లయిడ్‌లోకి ఎక్కించి, "ఇక్కడ కింద చిన్నగా ఉన్నది చూడండి" అని వేడుకోవడం సదస్సుల్లో నిత్యం కనిపించే దృశ్యం.

పరిశోధకుణ్ణి ప్రశ్నించడం

పరిశోధన చేసినవారు, బొమ్మ గీసేవారు వేర్వేరు అయినప్పుడు అసలు పని సంభాషణలో జరుగుతుంది. ఎన్ని ఉన్నాయి? ఏది దేన్ని తాకుతుంది? పొరకు లోపలి వైపా, బయటి వైపా? ముందు ఏది జరుగుతుంది, లేక రెండూ ఒకేసారి జరుగుతాయా? ఒకదానికంటే మరొకటి ఎంత పెద్దది? వాక్యాల్లో వీటిని దాటవేయవచ్చు, గీతలో దాటవేయలేం. "ప్రోటీన్ పొరకు చేరుతుంది" అని రాసినప్పుడు ఎవరూ ఏమీ అడగరు. గీయబోతే మాత్రం అది ఏ కొనతో అతుక్కుంటుందో చూపక తప్పదు. పరిశోధకుడే తడుముకునే ప్రశ్నలు ఇక్కడ ఎదురవుతాయి, కొన్నిసార్లు పత్రంలోని వాదనలో ఉన్న ఖాళీ కూడా ఇక్కడే బయటపడుతుంది.

మొదటి చిత్తుప్రతిని పెన్సిల్‌తో, కావాలనే మోటుగా గీసి చూపించడం మేలు. నగిషీ పెట్టిన బొమ్మ చూపిస్తే ఎదుటివారు మర్యాదకు పోయి రంగు గురించో అక్షరాల గురించో మాట్లాడి ఊరుకుంటారు. మోటు గీత చూపిస్తే "ఇది ఇక్కడ కాదు, అక్కడ" అని పెన్సిల్ లాక్కుంటారు. మాటల్లో సరిగా వివరించలేనివారు సైతం తప్పుగా ఉన్న బొమ్మను దిద్దడంలో ఎంతో చురుకుగా ఉంటారు. ఒకే విషయానికి రెండు మూడు అమరికలు గీసి చూపితే చర్చ ఇంకా తొందరగా తెములుతుంది.

ఈ దశలోనే బొమ్మలోని ప్రతి అంశాన్నీ మూడు రకాలుగా గుర్తు పెట్టుకోవాలి. ప్రయోగం ద్వారా చూసినవి కొన్ని, ఆధారాల నుంచి ఊహించినవి కొన్ని, బొమ్మ నిండుగా ఉండడానికి గీసేవారు చేర్చినవి కొన్ని. మూడింటినీ ఒకే మందం గీతతో, ఒకే రంగుతో గీస్తే పాఠకుడికి మూడూ ఒకే స్థాయి నిజాలుగా కనిపిస్తాయి. చూసినవాటికి నిండు గీత, ఊహించినవాటికి చుక్కల గీత, చేర్చినవాటికి లేత బూడిద రంగు అన్న చిన్న ఏర్పాటు చాలు.

ప్రోటీన్ల విషయంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ప్రయోగాల ద్వారా తేల్చిన నిర్మాణాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఖైమెరాఎక్స్, పైమోల్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కావలసిన కోణంలో తిప్పి బొమ్మగా తీసుకోవచ్చు. గుండ్రటి ఉండలు గీసి ఊరుకోవడం కంటే ఇది నయం. అయితే ఆల్ఫాఫోల్డ్ వంటి కృత్రిమ మేధ ప్రోగ్రామ్‌లు ఇచ్చే నిర్మాణాలు అంచనాలే. వాటిలో ప్రతి అమైనో ఆమ్లం దగ్గర ఆ అంచనా ఎంత నమ్మదగినదో 0 నుంచి 100 వరకు ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య బాగా తక్కువగా ఉన్న భాగాన్ని గట్టి ఆకారంగా గీయడం తప్పు. స్థిరమైన ఆకారం లేని అలాంటి తోకలను వంకర చుక్కల గీతగా వదిలేయాలి.

సంప్రదాయ సంకేతాలను వాడటంలో తప్పేమీ లేదు. 1981లో జేన్ రిచర్డ్‌సన్ ప్రోటీన్లను రిబ్బన్లుగా గీసే పద్ధతిని ఒక క్రమంలో పెట్టారు. ప్రోటీన్ గొలుసులో మెలి తిరిగిన భాగాన్ని (ఆల్ఫా హెలిక్స్‌ను) చుట్టలుగా, సాగి ఉన్న భాగాలను (బీటా తంతువులను) బల్లపరుపు బాణాలుగా చూపడం అప్పటి నుంచి అందరికీ అలవాటైంది. ప్రోటీన్‌లో నిజంగా రిబ్బన్ ఉందని ఆ రంగంలో ఎవరూ అనుకోరు. కానీ ఆ సంకేతం తెలియని పాఠకుడికి బాణం మొన ఏదో కదలికను చూపుతున్నట్టు అనిపించవచ్చు. కాబట్టి సాధారణ పాఠకుల కోసం గీసేటప్పుడు ఆ సంకేతం అవసరమా అని ఆలోచించాలి.

అద్దంలో తిప్పిన బొమ్మ

పేజీ అమరికకు వీలుగా బొమ్మను కుడి ఎడమలుగా తిప్పేయడం డిజైన్ రంగంలో మామూలు పనే. శాస్త్రీయ చిత్రంలో అది పెద్ద తప్పుకు దారి తీస్తుంది. జీవకణాల్లో మామూలుగా ఉండే డీఎన్‌ఏ మెలిక కుడివాటంగా తిరుగుతుంది. నిలువుగా గీసిన డీఎన్‌ఏలో మన వైపు ఉన్న పోగులు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కుతూ కనిపించాలి. 1953లో డీఎన్‌ఏ నిర్మాణాన్ని ప్రకటించిన పత్రం కోసం ఒడీల్ క్రిక్ గీసిన చిత్రంలో మెలిక సరిగ్గానే ఉంది; ఆ తరువాత వచ్చిన లెక్కలేనన్ని ముఖచిత్రాల్లో, సంస్థల చిహ్నాల్లో ఎడమవాటంగా తిరిగిపోయింది. ఎడమవాటపు డీఎన్‌ఏ కూడా ఒక రూపంగా ఉంది గానీ, అలాంటి బొమ్మ గీసినవారు ఆ రూపాన్ని ఉద్దేశించి గీసి ఉండరు. రెండు పోగుల మధ్య గాడులు కూడా సమానంగా ఉండవు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. రెండు అలలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా గీస్తే ఈ తేడా పోతుంది.

శరీర నిర్మాణ చిత్రాలు, అమైనో ఆమ్లాల అమరిక, నత్త గుల్లల చుట్టు, భూపటాలు అన్నిటికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బొమ్మను తిప్పాలనిపిస్తే, తిప్పిన తరువాత కూడా అది నిజమేనా అని తెలిసినవారిని అడగాలి.

పరిమాణాలతో చిక్కు

చాలా శాస్త్రీయ చిత్రాల్లో అన్నిటినీ ఒకే కొలతలో గీయడం సాధ్యం కాదు. భూమిని 1 సెంటీమీటరు గుండ్రంగా గీస్తే చంద్రుడు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండాలి, 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అదే కొలతలో సూర్యుడి వ్యాసం 1 మీటరు దాటుతుంది, దూరం సుమారు 117 మీటర్లు అవుతుంది. ఏ పుటలోనూ అది పట్టదు. అందుకని పుస్తకాల్లో చంద్రుణ్ణి భూమి పక్కనే నిలబెడతారు, పాఠకుడు జీవితాంతం అలాగే ఊహించుకుంటాడు. సూక్ష్మ ప్రపంచంలోనూ ఇదే చిక్కు. జంతు కణం సాధారణంగా 10 నుంచి 30 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, కరోనావైరస్ సుమారు 0.1 మైక్రోమీటరు ఉంటుంది. కణంలో సగం ఉన్న వైరస్ దాని తలుపు తడుతున్నట్టు గీసిన బొమ్మ నాటకీయంగా ఉంటుంది, కానీ 50 నుంచి 150 రెట్ల వరకు అబద్ధం చెబుతుంది.

దీనికి మార్గాలు లేకపోలేదు. మొత్తం దృశ్యాన్ని సరైన కొలతలో చిన్నగా చూపి, అందులో ఒక చిన్న చదరాన్ని గుర్తించి, దాన్ని పక్కన పెద్దది చేసి చూపడం అన్నిటికంటే నిజాయితీగల పద్ధతి. చోటు లేకపోతే గీతను మధ్యలో విరిచి, మధ్య దూరం వదిలేసినట్టు తెలియజేయవచ్చు. అదీ కుదరకపోతే "కొలత ప్రకారం గీసినది కాదు" అని బొమ్మలోనే రాయాలి; బొమ్మ కింది శీర్షికలో రాస్తే సరిపోదు, ఎందుకంటే బొమ్మ శీర్షిక లేకుండానే ఊళ్లు తిరుగుతుంది. సూక్ష్మదర్శిని చిత్రాల్లో "40 రెట్లు" అని రాయడం కంటే స్కేల్ బార్ (ఎంత పొడవో రాసి ఉన్న కొలత గీత) పెట్టడమే సరైనది. బొమ్మను పెంచినా తగ్గించినా స్కేల్ బార్ దానితోపాటే మారుతుంది, రాసిన అంకె మాత్రం మారదు.

రంగు చెప్పేది ఏమిటి

కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. వైరస్ (0.1 మైక్రోమీటరు అంటే 100 నానోమీటర్లు) అంతకంటే చాలా చిన్నది కనుక దానికి మనం ఎరిగిన అర్థంలో రంగు అంటూ ఉండదు. 2020లో అలిస్సా ఎకర్ట్, డాన్ హిగిన్స్ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కోసం తయారుచేసిన కరోనావైరస్ చిత్రంలో బూడిద రంగు గోళం మీద ఎర్రటి ముళ్లు ఉండడం వారి ఎంపిక. హబుల్ టెలిస్కోపు 1995లో తీసిన, ఈగిల్ నెబ్యులా అనే వాయు, ధూళి మేఘంలోని స్తంభాల చిత్రంలో గంధకం నుంచి వచ్చే కాంతికి ఎరుపును, హైడ్రోజన్‌కు ఆకుపచ్చను, ఆక్సిజన్‌కు నీలాన్ని కేటాయించారు. 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఎం87 కృష్ణబిలం చిత్రం రేడియో తరంగాలతో తయారైనది. అందులోని నారింజ రంగు కూడా ఎంచుకున్నదే. ఇవేవీ మోసాలు కావు. అయితే ఏ రంగు దేనికి గుర్తో చెప్పకుండా వదిలేస్తే, చూసినవారు దాన్ని సహజమైన రంగుగా తీసుకుంటారు.

పత్రం మొత్తంలో ఒక వస్తువుకు ఒకే రంగు ఉండాలి. మొదటి బొమ్మలో నీలంగా ఉన్న ప్రోటీన్ మూడో బొమ్మలో పచ్చగా మారితే పాఠకుడు దాన్ని వేరొకటి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. రంగులను కొద్దిగానే వాడి, ముఖ్యమైన దానికి ఒక్క గాఢమైన రంగు ఇచ్చి, మిగతావాటిని లేత రంగుల్లో ఉంచితే చూపు తనంతట తానే అక్కడికి చేరుతుంది. ఎరుపు అంటే ప్రమాదం, ఆకుపచ్చ అంటే మంచిది అన్న భావన చాలామందికి మనసులో ముందే ఉంటుంది కనుక, తటస్థంగా చూపవలసిన రెండు సమూహాలకు ఆ రెండు రంగులు వేయకూడదు.

వాటిని తప్పించడానికి ఇంకో బలమైన కారణం వర్ణాంధత్వం. ఉత్తర ఐరోపా సంతతికి చెందిన పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. మిగతా జనాభాల్లో ఇది కొంత తక్కువ, స్త్రీలలో చాలా తక్కువ. పత్రాన్ని సమీక్షించేవారిలోనే అలాంటివారు ఉండవచ్చు. ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో ఎరుపు, ఆకుపచ్చలకు బదులు మజెంటా, ఆకుపచ్చలను వాడటం ఇందుకే అలవాటుగా మారుతోంది. మసతకా ఒకాబే, కెయ్ ఇటో రూపొందించిన ఎనిమిది రంగుల వరుస అందరికీ వేరువేరుగా కనిపించేలా ఎంచినది. కలర్ ఒరాకిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మన తెర వర్ణాంధత్వం ఉన్నవారికి ఎలా కనిపిస్తుందో చూపుతుంది. ఏమీ అందుబాటులో లేకపోతే బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. అప్పటికీ భాగాలు విడివిడిగా తెలుస్తుంటే ఆ బొమ్మ చాలా వరకు నిలబడుతుంది.

ఉష్ణోగ్రత, సాంద్రత వంటి క్రమంగా మారే విలువలను ఇంద్రధనుస్సు రంగుల్లో చూపే అలవాటును వదులుకోవాలి. ఆ రంగుల వెలుగు ఒకే క్రమంలో పెరగదు; పసుపు దగ్గర ఒక్కసారిగా మెరిసి, డేటాలో లేని సరిహద్దు ఉన్నట్టు చూపిస్తుంది. గ్రాఫ్‌లు గీసే సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో తన రెండో ప్రధాన విడుదలలో పాత ఇంద్రధనుస్సు వరుసను పక్కనపెట్టి, ముదురు ఊదా నుంచి పసుపు వరకు సమంగా వెలుగు పెరిగే విరిడిస్ అనే వరుసను, వేరేది ఎంచుకోకపోతే దానంతటదే వచ్చేలా పెట్టింది.

బాణం గుర్తులు

శాస్త్రీయ చిత్రాల్లో అందరూ విచ్చలవిడిగా వాడేది, ఎవరూ నిర్వచించనిది బాణం గుర్తే. ఒకే బొమ్మలో ఒక బాణం అణువు కదలికను, ఇంకొకటి కాలక్రమాన్ని, మరొకటి కారణాన్ని, వేరొకటి రసాయన మార్పును చూపుతుంది. ఐదోది కేవలం పేరు నుంచి వస్తువు వైపు చూపడానికి పెట్టినది. గీసినవారికి తేడా తెలుసు. చూసేవారికి ఎలా తెలుస్తుంది?

ఆహార గొలుసునే తీసుకుందాం. గడ్డి నుంచి జింకకు, జింక నుంచి పులికి బాణాలు గీస్తారు, ఎందుకంటే అక్కడ బాణం శక్తి ప్రవహించే దిశను చూపుతుంది. "తింటుంది" అని చదువుకునే విద్యార్థికి మాత్రం గడ్డి జింకను తింటున్నట్టు కనిపిస్తుంది. బాణం పక్కన "శక్తి" అన్న ఒక్క మాట రాస్తే ఆ గందరగోళం ఉండదు.

కొన్ని రంగాల్లో బాణాలకు స్థిరపడిన అర్థాలున్నాయి, వాటిని ఉల్లంఘించకూడదు. రసాయన శాస్త్రంలో ఎదురెదురుగా ఉన్న రెండు సగం మొనల బాణాలు సమతాస్థితిని, రెండు మొనలున్న ఒకే బాణం రెజొనెన్స్‌ను (ఒకే అణువును వేర్వేరు ఎలక్ట్రాన్ అమరికలతో చూపడాన్ని), వంపు తిరిగిన బాణం ఎలక్ట్రాన్ జంట కదలికను తెలుపుతాయి. జీవశాస్త్ర మార్గ చిత్రాల్లో మొన ఉన్న బాణం ప్రేరణకు, చివర అడ్డగీత ఉన్నది నిరోధానికి గుర్తు. మిగతా సందర్భాల్లో ఒక అర్థానికి ఒకే ఆకారం అన్న నియమం పెట్టుకోవాలి: కదలికకు సన్నని నిండు బాణం, కాలక్రమానికి వెడల్పాటి లేత బాణం. పేర్లకు అసలు మొనే అక్కర్లేదు, సన్నటి గీత చాలు. గీసిన తరువాత ప్రతి బాణాన్నీ ఒక క్రియగా పైకి చదవాలి. "ఇది దాన్ని ఆపుతుంది", "ఇది అక్కడికి వెళుతుంది". ఏ క్రియా దొరకని బాణాన్ని చెరిపేయాలి.

సంఖ్యలను చూపేటప్పుడు

1984లో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానాలను మనుషులు బాగా కచ్చితంగా పోల్చగలరు. పొడవులు, కోణాలు, వైశాల్యాలకు వెళ్లేకొద్దీ ఆ కచ్చితత్వం తగ్గుతుంది. అందుకే ముక్కల వృత్తం (పై చార్ట్) కంటే కడ్డీల గ్రాఫ్, దానికంటే చుక్కల గ్రాఫ్ తరచుగా మెరుగ్గా ఉంటాయి. కడ్డీ పొడవే విలువను చెబుతుంది కనుక కడ్డీల గ్రాఫ్ అక్షం సున్నా నుంచే మొదలవ్వాలి. రెట్టింపును చూపడానికి మనిషి బొమ్మను రెట్టింపు ఎత్తుకు పెంచితే దాని వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది, చూసేవారు నాలుగు రెట్లనే నమ్ముతారు. నమూనాలు కొన్నే ఉన్నప్పుడు సగటును కడ్డీగా చూపి ఊరుకోకుండా ప్రతి కొలతనూ చుక్కగా పెట్టాలి. సగటు, విస్తృతి, సహసంబంధం దాదాపు ఒకేలా ఉండి, గీసి చూస్తే పూర్తిగా వేరుగా కనిపించే నాలుగు డేటా సమితులను ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లోనే చూపించారు. ఎర్రర్ బార్ (కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో, లేదా సగటు ఎంత నమ్మదగినదో చూపే గీత) ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా, కాన్ఫిడెన్స్ ఇంటర్వలా అన్నది రాయకపోతే ఆ గీతకు అర్థమే లేదు.

అక్షరాలు, ఫైళ్లు

పేరును వస్తువు పక్కనే రాయాలి. మూలన రంగుల పట్టిక పెట్టి, పాఠకుణ్ణి అటూ ఇటూ తిప్పడం చివరి మార్గంగా ఉండాలి. పరిశోధన పత్రికల్లో ఒక కాలమ్ వెడల్పు సాధారణంగా 85 నుంచి 90 మిల్లీమీటర్లు, పుట వెడల్పు 170 నుంచి 180 వరకు ఉంటుంది. మొదటి నుంచీ ఆ కొలతలోనే గీస్తే అక్షరాలు చివర ఎంత చిన్నవవుతాయో అన్న భయం ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు 6, 7 పాయింట్లలో చదవవచ్చు గానీ, వత్తులు, గుణింతాలతో పైకీ కిందికీ పెరిగే తెలుగు అక్షరాలకు అంతకంటే పెద్ద సైజు, వరుసల మధ్య ఎక్కువ ఎడం కావాలి. యూనికోడ్ ఫాంట్లనే వాడాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపులకు సంబంధించిన అమరికను ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి కనుక, చివరి ఫైలును తెలుగు చదవగలిగినవారు ఒకసారి చూడక తప్పదు.

గీతలు, ఆకారాలు, అక్షరాలతో కూడిన బొమ్మను ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్ వంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో గీయాలి. ఎంత పెంచినా అంచులు చెదరవు. ఛాయలు, చర్మపు నునుపు వంటివి కావాలంటే క్రిటా, ఫొటోషాప్ వంటివి, త్రిమితీయ దృశ్యాలకు బ్లెండర్ పనికివస్తాయి. ఫొటోలకు అంగుళానికి 300 చుక్కలు సాధారణ అవసరం. 85 మిల్లీమీటర్ల వెడల్పుకు అది సుమారు 1,000 పిక్సెళ్లు. గీతల బొమ్మలను జేపెగ్‌గా భద్రపరిస్తే అంచుల చుట్టూ మురికి చేరుతుంది. వాటికి పీడీఎఫ్, ఎస్‌వీజీ, తప్పనిసరైతే పీఎన్‌జీ మేలు. తెర మీద మెరిసే ఆకుపచ్చలు అచ్చులో మసకబారతాయి కాబట్టి, అచ్చుకు వెళ్లే బొమ్మను ముద్రణ రంగుల్లోకి మార్చి ముందే చూసుకోవాలి.

దిద్దకూడనివి, అరువు తెచ్చుకున్నవి

సూక్ష్మదర్శిని ఫొటో, జెల్ (ప్రోటీన్లను, డీఎన్‌ఏ ముక్కలను విడదీసి చూపే పలక) ఫొటో వంటివి బొమ్మలు కావు, అవి డేటా. వెలుగును, కాంట్రాస్ట్‌ను మార్చితే చిత్రం మొత్తానికీ, పోల్చే చిత్రాలన్నిటికీ ఒకే విధంగా మార్చాలి. మచ్చ చెరపడం, ఒక భాగాన్ని వేరే చోట అతికించడం పరిశోధనలో మోసం కిందికి వస్తుంది. రెండు జెల్‌ల వరుసలను పక్కపక్కన పెట్టవలసి వస్తే మధ్యలో స్పష్టమైన గీత ఉండాలి. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుంచే ఆమోదించిన పత్రాల్లోని చిత్రాలను ఇందుకోసం పరిశీలిస్తోంది, ఆ తరువాత చాలా పత్రికలు అదే దారిలో నడిచాయి. మార్పు చేయని అసలు ఫైలును ఎప్పుడూ దాచి ఉంచాలి.

కృత్రిమ మేధతో తయారైన బొమ్మలకు పైన చెప్పిన మొదటి నియమంతోనే చిక్కు వస్తుంది: ఏ గీతకు ఏ ఆధారమో చెప్పేవారు ఎవరూ ఉండరు. 2024 ఫిబ్రవరిలో ఒక పరిశోధన పత్రికలో అలా తయారైన ఎలుక బొమ్మ, అసాధ్యమైన శరీర భాగాలతో, అర్థం లేని పేర్లతో అచ్చయింది. కొద్ది రోజుల్లోనే ఆ పత్రాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. కొన్ని ప్రముఖ పత్రికలు అలాంటి బొమ్మలను అంగీకరించడమే లేదు. అమరికల గురించి ఆలోచించడానికి వాటిని వాడుకోవచ్చేమో గానీ, ప్రచురించే బొమ్మను తెలిసినవారే గీయాలి.

ఫైలోపిక్‌లో జీవుల నీడ బొమ్మలు, సర్వియర్ మెడికల్ ఆర్ట్‌లో అవయవాలు, కణాల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. ఉచితం అంటే షరతులు లేవని కాదు; క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో చాలావరకు రూపకర్త పేరు చెప్పమంటాయి, కొన్ని వాణిజ్యపరమైన వాడకాన్ని నిషేధిస్తాయి. వేరొకరి బొమ్మను దాదాపు అలాగే తిరిగి గీసినంత మాత్రాన అది సొంతమైపోదు. పత్రం అచ్చయిన తరువాత బొమ్మ హక్కు ఎవరిదో, దాన్ని గీసినవారు వేరే చోట వాడుకోవచ్చో లేదో పని మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. పేరు చిన్న అక్షరాల్లోనైనా ఉండాలని అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

చూపించి తెలుసుకోవడం

బొమ్మ పూర్తయిందనుకున్నప్పుడు, ఆ పరిశోధనతో సంబంధం లేని ఒకరికి శీర్షిక లేకుండా కొద్ది సెకన్లు చూపించాలి. ముందు ఏది కనిపించిందో, ఏం జరుగుతోందనిపించిందో వారి మాటల్లో చెప్పమని అడగాలి. మధ్యలో వివరించకూడదు, సమర్థించుకోకూడదు. బొమ్మ ప్రచురితమయ్యాక పక్కన నిలబడి వివరించడానికి మనం ఉండం. వారు చెప్పినదాన్ని మొదట రాసుకున్న వాక్యం పక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది. అదే సమయంలో పరిశోధకుడు కూడా ప్రతి భాగాన్నీ పరిశీలించాలి, ఎందుకంటే స్పష్టంగా ఉన్న బొమ్మ తప్పుగా కూడా ఉండవచ్చు. తెర మీద చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే అంధ పాఠకుల కోసం రెండు మూడు వాక్యాల వివరణ జత చేయాలి. మొదట రాసుకున్న ఆ వాక్యమే దానికి మంచి ప్రారంభం.

చివరగా, లేయర్లను (సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటిగా విడివిడిగా గీసిన పొరలను) కలిపేయకుండా, ఒక్కోదానికి పేరు పెట్టి అసలు ఫైలును భద్రపరచాలి. దానితోపాటు ఒక చిన్న పట్టికలో ఏ భాగం ఏ పత్రం నుంచి, ఏ డేటా నుంచి వచ్చిందో, ఏది పరిశోధకుడి ఊహో, ఏది కేవలం చోటు నింపడానికి గీసినదో, ఎవరి నుంచి అరువు తెచ్చినదో రాసి ఉంచాలి. సమీక్షకుడు "గ్రాహకం రెండు భాగాలుగా ఉంటుంది కదా, ఒక్కటే ఎందుకు గీశారు?" అని అడిగిన రోజున, లేదా రెండేళ్ల తరువాత కొత్త నిర్మాణం బయటపడిన రోజున, బొమ్మ మొత్తాన్ని మొదటి నుంచి గీయనక్కర్లేకుండా ఆ ఒక్క లేయర్‌నే తెరిచి మార్చవచ్చు.